తిరిగి వచ్చే ప్యాకేజింగ్‌తో వ్యాపారం: మొదటి గీత నుంచి మొదటి వెయ్యి డబ్బాల దాకా

ప్యాకేజింగ్‌లో వర్తుల ఆర్థిక విధానం (వాడినదాన్ని పారేయకుండా మళ్లీ మళ్లీ వాడకంలోకి తేవడం) గురించి ఆలోచించే చాలామంది ముడిపదార్థం దగ్గరే ఆగిపోతారు. ప్లాస్టిక్ తీసేసి కాగితం పెడదామా, కాగితం తీసేసి గాజు పెడదామా అని నెలల తరబడి చర్చిస్తారు. ఆ ప్రశ్న అవసరమే. అయితే దానికన్నా ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. వాడిన తర్వాత ఆ డబ్బా ఎవరి చేతిలో ఉంటుంది? వారు దాన్ని ఎందుకు తిరిగి ఇస్తారు? ఎవరు మోసుకొస్తారు? ఎన్ని రోజులకు వస్తుంది? ఈ నాలుగింటికీ జవాబు దొరికితే ఏ పదార్థం వాడాలన్నది చాలావరకు తేలిపోతుంది. దొరకకపోతే ఎంత మంచి పదార్థంతో చేసినా ఆ డబ్బా చివరికి చెత్తకుప్పకే చేరుతుంది.

వర్తుల ఆర్థిక విధానం కోసం పనిచేసే ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2016లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలోని ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌లో రీసైక్లింగ్ కోసం సేకరించేది 14 శాతమే. ఒక్కసారి వాడగానే ఆ పదార్థం విలువలో 95 శాతం, అంటే ఏడాదికి 8,000 కోట్ల నుంచి 12,000 కోట్ల డాలర్లు, ఎవరికీ అందకుండా పోతోంది. మీరు మొదలుపెట్టబోయే వ్యాపారానికి ఆదాయం అక్కడి నుంచే రావాలి. ప్యాకేజింగ్ తయారు చేసేవారికీ, తమ సరుకును ప్యాక్ చేసి పంపేవారికీ, ఈ రంగంలో కొత్తగా అడుగుపెట్టాలనుకునేవారికీ ఉపయోగపడేలా ఈ పద్ధతిని రాస్తున్నాను.

ముందుగా దారి గీయండి

ఒక పెద్ద కాగితం తీసుకుని మీ ప్యాకేజింగ్ పుట్టిన చోటు నుంచి చెత్తలో కలిసే చోటు దాకా దారి గీయండి. తయారీదారు, సరుకు నింపే కర్మాగారం, గోదాము, పంపిణీదారు, దుకాణం, వినియోగదారు... ఇలా ప్రతి మజిలీనీ గుర్తించండి. అక్కడ డబ్బా ఎన్ని రోజులు ఉంటుందో, ఎవరి అధీనంలో ఉంటుందో రాయండి. అది ఖాళీ అయ్యే చోటును ఎర్ర సిరాతో చుట్టండి. ఆ చోటు నుంచి మీ వైపు వచ్చే వాహనం ఏదైనా ఇప్పటికే ఉందా అని చూడండి. సరుకు దించి ఖాళీగా వెనక్కి వెళ్లే లారీ ఉంటే డబ్బాలు తిరిగి రావడానికి అయ్యే ఖర్చు చాలా తగ్గుతుంది. డబ్బాల కోసమే ప్రత్యేకంగా వాహనం పంపాల్సి వస్తే లెక్కలు తలకిందులవుతాయి.

ఈ పటం చూస్తే మీకే అర్థమవుతుంది: రెండు సంస్థల మధ్య తిరిగే రవాణా పెట్టెలతో, పాలెట్లతో (సరుకు పేర్చే చెక్క బల్లలతో) మొదలుపెట్టడం అన్నిటికన్నా సులువు. చిరునామాలు తెలుసు, వాహనాలు ఉన్నాయి, లెక్క అడగడానికి మనిషి ఉన్నాడు. ఈ రంగంలో ఎక్కువ కాలం నిలిచిన వ్యాపారాలు ఇక్కడే పుట్టాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికా సైన్యం ఆస్ట్రేలియాలో వదిలి వెళ్లిన పాలెట్లు, సరుకు ఎత్తే యంత్రాలతో అక్కడి ప్రభుత్వం ఒక ఉమ్మడి వ్యవస్థను ఏర్పాటు చేసింది. దాన్ని 1958లో బ్రాంబుల్స్ అనే సంస్థ కొన్నది. నేడు అనేక దేశాల్లో తిరుగుతున్న చెప్ అనే పేరుతో నడిచే నీలిరంగు పాలెట్లు దాని వారసత్వమే. వాడుకునే సంస్థలు ఆ పాలెట్లను కొనవు. అద్దె కట్టి, పని అయ్యాక తిరిగి అప్పగిస్తాయి. ఐఫ్కో అనే జర్మన్ సంస్థ 1992 నుంచి పండ్లు, కూరగాయల పెట్టెలతో ఇదే పని చేస్తోంది. వినియోగదారు ఇంటి దాకా వెళ్లే డబ్బాల మీద మీకు ఎంత మోజు ఉన్నా, మొదటి ప్రయత్నం రవాణా ప్యాకేజింగ్‌తో చేయమనే నా సలహా.

పటం గీసేటప్పుడే ఇంకొకటి చూడండి. అసలు అవసరమే లేని పొరలు ఎన్ని ఉన్నాయి? పెట్టెలో పెట్టె, దాని చుట్టూ పల్చటి ప్లాస్టిక్ పొర, సరుకుకు రెండింతలు ఉండే ఖాళీ జాగా. వీటిని తిరిగి తెచ్చే ఏర్పాటు చేయకండి, తీసేయండి. అంతకన్నా చౌకైన మార్గం మరొకటి లేదు.

మీకు నప్పే నమూనా ఎంచుకోండి

వినియోగదారు చేతికి వెళ్లే పునర్వినియోగ ప్యాకేజింగ్‌ను మెకార్థర్ ఫౌండేషన్ నాలుగు రకాలుగా విభజించింది. ఈ విభజన ఆచరణలో బాగా పనికొస్తుంది. ఇంట్లో ఉన్న సీసాలోకి చిన్న ప్యాకెట్టు లేదా గాఢ ద్రావణం తెచ్చి నింపుకోవడం ఒకటి. డబ్బాతో దుకాణానికి వెళ్లి నింపుకోవడం రెండోది. ఖాళీ డబ్బాను ఇంటి దగ్గరే తీసుకెళ్లడం మూడోది. వినియోగదారు స్వయంగా ఒక కేంద్రంలో తిరిగి ఇవ్వడం నాలుగోది.

మొదటి రెండింటిలో డబ్బా వినియోగదారుదే. కడిగే బాధ్యత, పోగొట్టుకుంటే నష్టం వారివే. మీ పెట్టుబడి తక్కువ. కానీ పరిశుభ్రత మీద మీకు పట్టు ఉండదు, అందుకే సబ్బులు, శుభ్రపరిచే ద్రవాలు, పొడి సరుకుల వంటివాటికి ఇవి బాగా సరిపోతాయి. చిలీలో మొదలైన ఆల్గ్రామో అనే సంస్థ చేసింది గమనించండి. చిన్న ప్యాకెట్లలో కొనే పేద కుటుంబాలు అదే సరుకుకు గ్రాము లెక్కన ఎక్కువ చెల్లిస్తున్నాయని గుర్తించి, యంత్రాల ద్వారా కావలసినంత మాత్రమే నింపి అమ్మే పద్ధతి పెట్టింది. డబ్బాకు ఎలక్ట్రానిక్ గుర్తింపు తగిలించి, మళ్లీ అదే డబ్బా తెచ్చినవారికి ప్రయోజనం దక్కేలా చేసింది. అక్కడ పర్యావరణం కన్నా ముందు కొనుగోలుదారు అవసరం తీరింది. మీ ఆలోచనలోనూ అలాంటి నేరుగా కనిపించే లాభం ఒకటి ఉండాలి.

మిగతా రెండింటిలో డబ్బా మీ సొత్తు. పెట్టుబడి ఎక్కువ, నాణ్యత మీద పట్టూ ఎక్కువే. ఇంటి నుంచి తీసుకెళ్లే పద్ధతి వినియోగదారుకు సుఖం, మీకు ఖర్చు. మీ మనిషి ఎలాగూ ఆ ఇంటికి తరచూ వెళ్తుంటేనే దీన్ని ఎంచుకోండి. టెర్రాసైకిల్ సంస్థ 2019లో దావోస్‌లో ప్రకటించిన లూప్ అనే సేవ మొదట ఆన్‌లైన్ ఆర్డర్లతో ఇంటికి పంపి, ఇంటి నుంచే ఖాళీ డబ్బాలు తెచ్చుకునేది. తర్వాత దుకాణాల వైపు మళ్లింది. జనం ఎలాగూ వెళ్లే చోటే తిరిగి ఇచ్చే కేంద్రం ఉండాలని నేను నొక్కి చెప్పడానికి ఇలాంటి అనుభవాలే కారణం. ఫిన్లాండ్‌కు చెందిన రీప్యాక్ ఇంకో తెలివైన దారి పట్టుకుంది. ఆన్‌లైన్ సరుకు పంపే సంచిని ఖాళీ అయ్యాక ఉత్తరం అంత పరిమాణానికి మడిచి తపాలా పెట్టెలో వేయొచ్చు. తిరుగుదారి కోసం కొత్తగా ఏదీ కట్టలేదు, ఉన్న తపాలా వ్యవస్థనే వాడుకుంది.

ఇక ఎవరితో కలిసి అన్న ప్రశ్న. సొంత డబ్బా, సొంత ముద్ర కావాలని ప్రతి సంస్థా కోరుకుంటుంది. ఆ కోరికకు గట్టి ఖరీదు ఉంది. మీ డబ్బా మీ కర్మాగారానికే రావాలి, అది ఎంత దూరమైనా. జర్మనీలోని మినరల్ వాటర్ సంస్థల సహకార సంఘం 1969లో అందరికీ ఒకే గాజు సీసాను ప్రవేశపెట్టింది. గుంటర్ కుపెట్జ్ రూపకల్పన చేసిన 0.7 లీటర్ల సీసా అది. ఏ సంస్థ నీళ్లు నింపినా సీసా ఒకటే, చీటీ మాత్రమే వేరు. కాబట్టి ఖాళీ సీసా అందరికన్నా దగ్గర్లో ఉన్న కర్మాగారానికి వెళ్లగలదు. అలాంటి గాజు సీసాను దాదాపు 50 సార్లు నింపవచ్చు. మీ రంగంలో ఇద్దరు ముగ్గురు పోటీదారులతోనైనా ఒకే కొలతల పెట్టెకు ఒప్పందం కుదుర్చుకోగలిగితే, వేరే ఏ ఉపాయమూ ఇవ్వనంత ఆదా అక్కడ ఉంటుంది.

లెక్క: ఇక్కడ తొందరపడకండి

ఈ వ్యాపారం బతుకు ఒకే అంకె మీద ఆధారపడి ఉంది. పంపిన ప్రతి వంద డబ్బాల్లో మళ్లీ వాడదగిన స్థితిలో ఎన్ని తిరిగి వస్తున్నాయి? దాన్ని వాపసు శాతం అందాం. ఒక డబ్బా సగటున ఎన్ని ప్రయాణాలు చేస్తుందో దాని నుంచే తెలుస్తుంది: పోయే శాతంతో వందను భాగించండి. 50 శాతం తిరిగి వస్తే సగటున 2 ప్రయాణాలు. 80 శాతమైతే 5. 90 శాతమైతే 10. 95 శాతమైతే 20. 98 శాతమైతే 50. పైకి వెళ్లే కొద్దీ ప్రతి ఒక్క శాతం విలువ ఎలా పెరుగుతోందో చూడండి. 80 నుంచి 85కు పెంచితే సగటు 5 నుంచి 7కు కూడా చేరదు. 90 నుంచి 95కు పెంచితే రెట్టింపవుతుంది.

డబ్బులోకి మారుద్దాం. ఒకసారి వాడి పారేసే పెట్టెకు ప్రయాణానికి 100 యూనిట్ల ఖర్చు అవుతుందనుకోండి. గట్టి పెట్టె తయారీకి 600 యూనిట్లు. దాన్ని తిరిగి తేవడం, కడగడం, పరీక్షించడం కలిపి ప్రయాణానికి 45. వాపసు 80 శాతమైతే తయారీ ఖర్చు వాటా 120, మొత్తం 165. అంటే నష్టం. 90 శాతమైతే 60, 45 కలిపి 105. ఇంకా నష్టమే. 95 శాతానికి చేరితే 30, 45 కలిపి 75. లాభం. ఈ ఉదాహరణలో నష్టం లాభంగా మారే గీత 91 శాతం దగ్గర ఉంది. మీ గీత ఎక్కడుందో తెలియకుండా పెట్టెలు తయారు చేసే అచ్చులకు ఆర్డర్ ఇవ్వకండి.

ఇందులో దాగిన రెండు చిక్కులు చెప్పాలి. ఒకటి, ఎంత పోగొట్టుకోకపోయినా పెట్టె అరిగిపోతుంది. 30 ప్రయాణాలే తట్టుకునే పెట్టె అయితే, 95 శాతం వాపసు ఉన్నా సగటు 20 రాదు, సుమారు 16 వస్తుంది. రెండు, వాపసు తక్కువగా ఉన్న చోట మన్నికను పెంచడం డబ్బు వృథా. వంద ప్రయాణాలు తట్టుకునే ఖరీదైన పెట్టె ఐదో ప్రయాణంలోనే మాయమైతే ఆ మన్నిక ఎవరికి ఉపయోగం? మొదట వాపసు పెంచండి, మన్నిక సంగతి తర్వాత.

తర్వాతి లెక్క చలామణిలో ఉండాల్సిన డబ్బాల సంఖ్య. రోజుకు పంపేవాటిని, ఒక చుట్టు పూర్తవడానికి, అంటే పంపిన డబ్బా తిరిగి వచ్చి మళ్లీ పంపడానికి సిద్ధమవడానికి, పట్టే రోజులతో గుణించండి. రోజుకు 1,000 పంపుతూ, చుట్టు 30 రోజులు పడితే 30,000 డబ్బాలు కావాలి. హెచ్చుతగ్గుల కోసం 15 శాతం అదనంగా ఉంచుకుంటే 34,500. అదే చుట్టును 20 రోజులకు కుదించగలిగితే 23,000 చాలు. వాపసు శాతం మారకపోయినా పెట్టుబడిలో మూడో వంతు మిగిలింది. ఖాళీ డబ్బాలు ఎక్కడో గోదాములో పడి ఉండటం వల్ల ఈ రోజులు పెరుగుతాయి. కాబట్టి ఎర్ర సిరాతో చుట్టిన చోటు మీద మీ శ్రద్ధ ఎక్కువ ఉండాలి.

కర్బన ఉద్గారాలకూ ఇదే పద్ధతి. డబ్బు బదులు ఉద్గారాల గ్రాములు పెట్టండి చాలు. బరువైన గాజును చాలా దూరం తిప్పితే, లేదా వాపసు తక్కువగా ఉంటే, పల్చటి ఒకసారి వాడే ప్యాకెట్టే పర్యావరణానికి తక్కువ హాని చేసే సందర్భాలుంటాయి. ఈ మాట చాలామందికి నచ్చదు. కానీ నిజాయతీగా పనిచేయాలనుకునేవారు ముందే లెక్కించి తెలుసుకోవాలి. తయారీ నుంచి పారేసే దాకా జరిగే హానిని లెక్కించే ఇలాంటి జీవితచక్ర అంచనాకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ ఇచ్చిన 14040, 14044 ప్రమాణాలున్నాయి.

డిపాజిట్ ఎంత ఉండాలి

జనం మంచితనం మీద వాపసును నిలబెట్టలేం. తిరిగి ఇవ్వడం సులువుగా ఉండాలి, ఇవ్వకపోతే ఏదో పోయినట్టు ఉండాలి. డిపాజిట్ చేసే పని ఇదే.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 1971లోనే సీసాలు, డబ్బాల మీద 5 సెంట్ల డిపాజిట్ పెట్టింది. దశాబ్దాలు గడిచాయి, ధరలు పెరిగాయి, 5 సెంట్లు అలాగే ఉండిపోయాయి. వాటి కోసం తిరిగి నడవడం దండగ అనిపించే స్థితి వచ్చింది. వాపసు వరుసగా రెండేళ్లు 80 శాతం కన్నా తగ్గితే డిపాజిట్ పెంచాలన్న చట్టనిబంధన ప్రకారం 2017 ఏప్రిల్‌లో దాన్ని 10 సెంట్లు చేశారు. ఆ తర్వాత వాపసు మళ్లీ 80 శాతం దాటింది. మీ ఒప్పందాల్లోనూ ఇలాంటి నిబంధన రాసుకోండి: వాపసు ఫలానా అంకె కన్నా తగ్గితే డిపాజిట్ ఫలానా మేరకు పెరుగుతుంది అని. ప్రతిసారీ కొత్తగా చర్చించాల్సిన అవసరం ఉండదు.

నార్వే వేరే కోణంలో ఆలోచించింది. అక్కడ పానీయాల ప్యాకేజింగ్ మీద పర్యావరణ పన్ను ఉంది. వాపసు పెరిగే కొద్దీ ఆ పన్ను తగ్గుతుంది, 95 శాతానికి చేరితే పూర్తిగా పోతుంది. దాంతో సీసాలు తిరిగి రావాలన్న తపన తయారీదారులకే పట్టుకుంది. మీరు పెట్టెలు అద్దెకిచ్చే వ్యాపారంలో ఉంటే ఈ సూత్రాన్ని వాడవచ్చు. త్వరగా, బాగా తిరిగి ఇచ్చే ఖాతాదారుకు అద్దె మెట్లమెట్లుగా తగ్గించండి.

డిపాజిట్ మొత్తాన్ని నిర్ణయించేటప్పుడు రెండు హద్దులు గుర్తుంచుకోండి. మరీ తక్కువైతే ఎవరూ పట్టించుకోరు. డబ్బా తయారీ ఖర్చు కన్నా ఎక్కువైతే నకిలీ డబ్బాలు తెచ్చి డిపాజిట్ వసూలు చేసుకునేవారు పుడతారు. ఈ రెండింటి మధ్య ఎక్కడ పెట్టాలన్నది చిన్న ప్రయోగంతోనే తేలుతుంది. డిపాజిట్‌గా వచ్చిన డబ్బు మీ ఆదాయం కాదని మీ లెక్కలు చూసేవారికి మొదటి రోజే చెప్పండి. అది తిరిగి ఇవ్వాల్సిన అప్పు. దాన్ని విడి ఖాతాలో ఉంచండి. పోయిన డబ్బాల డిపాజిట్లతో లాభం చూపించే వ్యాపారం తన వైఫల్యాన్ని తినే బతుకుతోంది. అలాంటి లాభం కనిపిస్తే సంతోషించకండి, కారణం వెతకండి.

ముందుగా డబ్బు తీసుకోవడం కష్టమైన చోట ఇంకో పద్ధతి ఉంది. డబ్బాను ఉచితంగా ఇచ్చి, గడువులోగా రాకపోతే ఖాతా నుంచి రుసుము తీసుకోవడం. గ్రంథాలయం పుస్తకాలు ఇచ్చే తీరు లాంటిది. దీనికి ప్రతి డబ్బాకూ విడి గుర్తింపు, ప్రతి వ్యక్తికీ ఖాతా తప్పనిసరి. ఒకరి పేరుతో తీసుకున్నది ఇంకొకరు తిరిగి ఇచ్చే వీలూ ఉండాలి.

డబ్బాను తిరుగు ప్రయాణానికి తగ్గట్టు రూపొందించండి

ఇప్పుడు ముడిపదార్థం, ఆకారం గురించి మాట్లాడవచ్చు. ఖాళీ డబ్బాలు ఒకదానిలో ఒకటి ఇమడాలి, లేదా మడతపడాలి. మడవలేని పెట్టె లారీలో గాలిని మోసుకొస్తుంది. లోపల మూలలు గుండ్రంగా ఉండాలి, పదునైన మూలల్లో మురికి చేరి వదలదు. చీటీ అతికించే జిగురు కడిగే నీళ్లలో పూర్తిగా కరిగిపోవాలి, లేకపోతే ప్రతి డబ్బా మీదా పాత చీటీల చారలు మిగులుతాయి. గీతలు పడినా పాతబడినట్టు కనిపించని రంగు, ఉపరితలం ఎంచుకోండి. జనం గీతలు పడిన డబ్బాను మురికిదని భావిస్తారు, అది ఎంత శుభ్రంగా ఉన్నా సరే.

మూత, స్ప్రింగు, రబ్బరు చుట్టు వంటి చిన్న భాగాలు విడిగా మార్చగలిగేలా ఉంచండి. ఒక మూత విరిగినందుకు పెట్టె మొత్తాన్ని పక్కన పడేయాల్సి రాకూడదు. ప్రతి డబ్బాకూ చెరగని గుర్తింపు సంఖ్య వేయండి. ఇందుకోసం బార్‌కోడ్ ప్రమాణాలు రూపొందించే జీఎస్1 సంస్థ తిరిగివచ్చే వస్తువులకు ప్రత్యేకించిన గ్రాయ్ అనే అంతర్జాతీయ సంకేత పద్ధతిని నిర్వహిస్తోంది. మొదటి నుంచీ దాన్నే వాడితే రేపు పెద్ద ఖాతాదారుల వ్యవస్థలతో కలవడం సులువవుతుంది.

కడగడం, ఆరబెట్టడం

బయటివారు తేలిగ్గా తీసుకునే ఈ దశలోనే పేరు నిలబడుతుంది, పోతుంది. గాజు సీసాలను వేడి కాస్టిక్ సోడా ద్రావణంతో కడగడం చాలాకాలంగా స్థిరపడిన పద్ధతి. ప్లాస్టిక్‌కు అంత వేడి, అంత ఘాటు పనికిరావు, పగుళ్లు వస్తాయి. పైగా ప్లాస్టిక్ వేడిని గాజులా నిలుపుకోదు, అందుకే కడిగాక తనంతట తాను ఆరదు. తడి మిగిలిన డబ్బాలను ఒకదానిలో ఒకటి పేరిస్తే బూజు పడుతుంది. కడిగే యంత్రం ధర అడిగినప్పుడు ఆరబెట్టే భాగం సామర్థ్యం గురించి విడిగా అడగండి.

ఇంకో సంగతి. జనం ఖాళీ సీసాల్లో ఏమైనా పోసి ఉంచుతారు, కిరోసిన్ కూడా. ప్లాస్టిక్ అలాంటి రసాయనాలను పీల్చుకుంటుంది, కడిగినా పోవు. అందుకే పెట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన, తిరిగి నింపే సీసాల కర్మాగారాల్లో ప్రతి సీసా లోపలి గాలిని పరీక్షించి చెడ్డవాటిని తోసేసే యంత్రాలు పెడతారు. మీ స్థాయిలో అంత యంత్రం అవసరం లేకపోవచ్చు. కానీ ఆహారం, పానీయాల ప్యాకేజింగ్ అయితే వాసన చూసే, కంటితో పరీక్షించే శిక్షణ పొందిన మనిషి ఉండాలి. కడిగిన ఉపరితలాన్ని దూదిపుల్లతో తుడిచి మిగిలిన సేంద్రియ మలినాన్ని నిమిషాల్లో కొలిచే ఏటీపీ పరీక్ష కూడా చేయించండి. ఎన్ని డబ్బాలను ఎందుకు తిరస్కరించారో రోజూ రాయించండి. ఆ పుస్తకమే మీ తర్వాతి నమూనాకు మార్గదర్శి. కడగడం మీ బలం కాకపోతే, ఇప్పటికే సామర్థ్యం ఉన్న కర్మాగారానికి డబ్బా లెక్కన ఇవ్వడం మొదట్లో చాలా మేలు.

ఒప్పందంలో ఏముండాలి

డబ్బా ఎవరి సొత్తు అన్నది మొదటి వాక్యంలో ఉండాలి. ఎన్ని రోజుల తర్వాత పోయినట్టు లెక్క, పోతే ఎంత, విరిగితే ఎంత, మామూలు అరుగుదల ఏది, ఇవన్నీ ఫొటోలతో సహా అనుబంధంలో పెట్టండి. మాటల్లో రాసిన "దెబ్బతిన్న పెట్టె" అనే పదం మీద అనవసరంగా గొడవలు వస్తాయి. రుసుము విషయంలో నాకు ప్రయాణం లెక్కన వసూలు చేయడం కన్నా ప్రయాణానికి కొంత, నిర్ణీత రోజులు దాటితే రోజుకు కొంత తీసుకోవడమే మంచిదనిపిస్తుంది. ప్రయాణం లెక్కన మాత్రమే అయితే ఖాతాదారు మీ పెట్టెలను తన గోదాములో ఉచిత అలమరాలుగా వాడుకుంటాడు. డబ్బాల కదలికల సమాచారం ఎవరిదన్నది కూడా రాసుకోండి.

తిరిగి తేలేని చోట

కొన్ని ప్యాకెట్లను తిరిగి తేవడం సాధ్యం కాదు. మందు మాత్రల రేకులు, చాలా చిన్న ప్యాకెట్లు, దూరదేశాలకు వెళ్లేవి అలాంటివే. అక్కడ పదార్థాన్ని తిప్పడమే మార్గం. రీసైకిల్ చేయవచ్చని రాసి వదిలేయడం కాదు, అది నిజంగా రీసైకిల్ అయ్యేలా రూపొందించాలి. వీలైనంత వరకు ఒకే రకం ప్లాస్టిక్ వాడండి. వేర్వేరు పొరలు అతికించిన పల్చటి ప్యాకెట్లను విడదీయడం చాలా కష్టం. బొగ్గుమసి కలిపిన నల్ల ప్లాస్టిక్‌ను రీసైక్లింగ్ కేంద్రాల్లోని పరారుణ కాంతి యంత్రాలు గుర్తించలేవు, అది నేరుగా చెత్తలోకి పోతుంది. పెట్ సీసాకు పాలిప్రొపిలీన్ లేదా పాలిథిలీన్ మూత వాడండి. ముక్కలు చేసి నీళ్లలో వేస్తే పెట్ మునుగుతుంది, మూత ముక్కలు తేలతాయి, రెండూ వాటంతటవే విడిపోతాయి. పీవీసీ అనే మరో ప్లాస్టిక్‌తో చేసిన చీటీ మాత్రం పెట్‌తో పాటే మునుగుతుంది, కొద్దిపాటి పీవీసీ చాలు ఆ కుప్ప మొత్తాన్ని పాడుచేయడానికి.

లోహం, గాజు ఈ విషయంలో ఉదారమైనవి. అల్యూమినియంను రీసైకిల్ చేస్తే ఖనిజం నుంచి తీయడానికి అయ్యే విద్యుత్, ఇంధనంలో దాదాపు 95 శాతం ఆదా అవుతుంది. కాగితం నారలు మాత్రం ప్రతిసారీ పొట్టివవుతాయి, కొన్ని చుట్ల తర్వాత కొత్త నార కలపక తప్పదు.

కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్ విషయంలో జాగ్రత్త. యూరప్ ప్రమాణమైన ఈఎన్ 13432 పారిశ్రామిక కంపోస్ట్ కేంద్రాలకు సంబంధించింది. అక్కడి వేడి, తేమ బయట నేలలోనో సముద్రంలోనో ఉండవు. మీ ఖాతాదారుల ప్రాంతంలో అలాంటి కేంద్రం లేకపోతే, దాన్ని సేకరించి అక్కడికి చేర్చే ఏర్పాటు లేకపోతే, ఈ పదార్థానికి ఎక్కువ ధర పెట్టకండి. ఆహారపు మిగుళ్లతో కలిసి ఒకే చోట చేరే ప్యాకేజింగ్‌కు, ఉదాహరణకు ఒక భోజనశాల లోపల, ఇది నిజంగా పనికొస్తుంది.

చట్టం, ప్రకటన

ప్యాకేజింగ్ వ్యర్థాల భారం దాన్ని మార్కెట్లోకి తెచ్చినవారే భరించాలన్న సూత్రం 1990ల ఆరంభంలో జర్మనీలో చట్టరూపం దాల్చి, నేడు ఎన్నో దేశాలకు పాకింది. మీ దేశంలో ఆ రుసుము ఏ లెక్కన ఉందో, పునర్వినియోగ డబ్బాలకు మినహాయింపు ఉందో లేదో ముందే కనుక్కోండి. మీ లాభనష్టాల గీతను అది కదిలించగలదు. యూరప్‌కు సరుకు పంపేవారు 2025 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కొత్త ప్యాకేజింగ్ నియమావళిని తప్పక చదవాలి. దాని నిబంధనల్లో ఎక్కువ భాగం 2026 ఆగస్టు 12 నుంచి వర్తిస్తుంది. 2018తో పోలిస్తే తలసరి ప్యాకేజింగ్ వ్యర్థాలను 2030కల్లా 5 శాతం, 2040కల్లా 15 శాతం తగ్గించాలన్నది అందులోని లక్ష్యం.

డబ్బా మీద ఏం రాయాలన్న దానికి ఐఎస్‌ఓ 14021 ఉంది. "పర్యావరణహితం" వంటి గాలిమాటలను అది ఒప్పుకోదు. మళ్లీ వాడవచ్చని రాయాలంటే, దాన్ని సేకరించి తిరిగి వాడే ఏర్పాటు నిజంగా ఉండాలి, లేదా కొన్నవారే స్వయంగా మళ్లీ వాడుకోగలగాలి.

మొదటి వెయ్యి డబ్బాలు

ప్రయోగాన్ని చిన్నగా, మూసి ఉన్న ప్రాంగణంలో మొదలుపెట్టండి. ఒక కర్మాగారం, దాని ఇద్దరు సరఫరాదారులు. లేదా ఒక విశ్వవిద్యాలయం, ఒక కార్యాలయ సముదాయం. వెయ్యి డబ్బాలు చాలు. కనీసం మూడు చుట్లు పూర్తయ్యే దాకా నడపండి. మొదటి చుట్టులో ఉత్సాహం వల్ల వాపసు బాగుంటుంది, అసలు అలవాటు మూడో చుట్టులో కనిపిస్తుంది.

కొలిచే తీరులో ఒక పొరపాటు చాలా మామూలు. ఈ నెల వచ్చినవాటిని ఈ నెల పంపినవాటితో భాగించి వాపసు శాతం అంటారు. వ్యాపారం పెరుగుతున్నప్పుడు ఆ అంకె ఉన్నదానికన్నా తక్కువగా, తగ్గుతున్నప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది. దానికి బదులు ప్రతి విడతను విడిగా చూడండి. ఫలానా వారంలో వెళ్లిన 200 డబ్బాల్లో 30 రోజులకు ఎన్ని, 60 రోజులకు ఎన్ని, 90 రోజులకు ఎన్ని వచ్చాయి? విడతకో రంగు చుక్క పెట్టినా సరిపోతుంది. 60 రోజుల తర్వాత ఇక రావడం ఆగిపోతే మీ గడువు అక్కడే పెట్టండి.

ప్రయోగం మొదలయ్యే ముందే, ఏ అంకె వస్తే విస్తరించాలో, ఏ అంకె వస్తే నమూనా మార్చాలో, ఏ అంకె వస్తే ఆపేయాలో రాసి పెట్టుకోండి. ఫలితం వచ్చాక రాసుకున్న హద్దులు ఎప్పుడూ ఫలితానికి అనుకూలంగానే ఉంటాయి. వాపసు గీత కన్నా కాస్త తక్కువగా ఉంటే ముందు తిరిగి ఇచ్చే కేంద్రాన్ని దగ్గరకు జరపండి. డిపాజిట్ పెంచడం ఆ తర్వాతి మాట. ఒకేసారి రెండూ మార్చితే దేనివల్ల మెరుగైందో తెలియదు.

రెండో విడత అచ్చులకు ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క పని మిగిలి ఉంటుంది. అరిగిపోయి పక్కన పెట్టిన డబ్బాలను కొనే రీసైక్లింగ్ సంస్థ దగ్గరకు వాటి నమూనాలు తీసుకెళ్లండి. కిలోకు ఎంత ఇస్తారో, ఏ భాగం వల్ల ధర తగ్గుతోందో అడగండి. చీటీయో, రంగో, లోపలి లోహపు ముక్కో అడ్డమని చెబితే, అచ్చు మార్చడానికి అదే సరైన సమయం.